ఎంత వాడితే అంత

మతోజిన్యుష్ రేవులో, ఉప్పు తిన్న గోడల వెనక
సార్డీన్ చేపల్ని డబ్బాల్లో పేర్చే ఫ్యాక్టరీ.
ఆగస్టు ఎండలో అక్కడ మనిషి కూర్చోగలిగే చల్లటి గది ఒకటే.
అది మనుషుల కోసం కట్టింది కాదు, లెక్కల కోసం.

మెట్ల కింద, తలుపుకు రెండు తాళాలు,
లోపల నల్ల బీరువాలో
ఇరవై రెండేళ్లుగా గురక పెడుతూ ఒక సర్వరు.
ఆడవాళ్లు దాన్ని పెద్దత్త అనేవాళ్లు.
తెచ్చుకున్న చీజు ముక్కలు దాని పక్కన దాచుకుంటే
కాపలా ఉండే అన్సెల్ము చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.
పోటు నీళ్లు గుమ్మం దాకా వచ్చిన రాత్రి
ఇసుక బస్తాలు అడ్డం పెట్టి
పెద్దత్త కాళ్ల దగ్గరే పడుకున్నాడు.

మార్చిలో ఆవిణ్ణి తీసుకెళ్లిపోయారు.
ఇద్దరు కుర్రాళ్లు, ఒక తోపుడు బండి, పదకొండు నిమిషాలు.
నేల మీద దుమ్ము పట్టని నలుచదరం మిగిలింది.
లెక్కలన్నీ మబ్బులోకి వెళ్లాయన్నారు.

మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నారని
అన్సెల్ము అనలేదు, నేనే అనబోయాను.
కానీ నీళ్లేం ఒలకలేదు.
ముంతే లేదిప్పుడు.
కుళాయి ఉంది. నెలనెలా బిల్లు ఉంది.

ఒసాకా నుంచి అర్ధరాత్రి ఆర్డరొస్తే
ఇక్కడ ఎవరూ నిద్ర లేవక్కర్లేదు.
రేకు, ఆలివ్ నూనె, టమాటా, అట్టపెట్టెలు
ఒకదాన్నొకటి అడిగి వాటంతటవే కదులుతాయి.
క్రిస్మస్ ముందు గిరాకీ పెరిగితే యంత్రం ఉబ్బుతుంది,
జనవరిలో చిక్కిపోతుంది.
ఇరీయా, అకౌంట్స్ పిల్ల, గోళ్లకు ఆకుపచ్చ రంగు,
భోజనాల బల్ల దగ్గర అందరికీ విడమరిచి చెప్పింది:
"కావాల్సినప్పుడు పిలుస్తాం. వచ్చి పని చేస్తుంది.
అయిపోగానే వదిలేస్తాం.
ఎంత వాడితే అంతే డబ్బు.
ఇప్పుడు లోకమంతా ఇదే పద్ధతి."

ఇదలీనా పంటి సందులోని ముల్లు తీసి
పళ్లెం అంచున పెట్టింది.
"దానికి మబ్బని పేరు పెట్టారా?
మా అమ్మమ్మ రోజుల్లో దాని పేరు ఫెలిజ్మీనా."

పడవలు నిండుగా వస్తే ఫ్యాక్టరీ సైరన్ కూసేదట.
ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో కూత.
మనదో కాదో నిద్రలో కూడా చెవికి తెలిసిపోయేది.
రాత్రి రెండైనా, పొయ్యి మీద కుండ ఉన్నా,
చంటిదాన్ని చంకనేసుకుని ఫెలిజ్మీనా పరుగెత్తేది.
చేప ఉన్నంతసేపే కూలి.
తుఫాను వారంలో సైరన్ లేదు,
సూపులో క్యాబేజీ ఆకు తప్ప ఇంకేం లేదు.
"ఉబ్బడం, చిక్కడం మీ యంత్రమా మాకు నేర్పేది?"

ఇరీయా నవ్వింది. ఇంకెవరూ నవ్వకపోతే ఆపేసింది.

ఆ కూత నోరు మూయించి నెలజీతం తెచ్చుకోవడానికి
ఇదలీనా వాళ్లమ్మ పదిహేడు రోజులు గేటు ముందు కూర్చుంది.
ఆ సంగతి పెద్దత్తలో లేదు, మబ్బులోనూ ఎక్కించలేదు.

జూన్ నుంచి షిఫ్టులు కూడా మబ్బే వేస్తోంది.
జేబులో ఫోను టింగుమంటుంది:
రేపు నాలుగు గంటలు. ఎల్లుండి అక్కర్లేదు.
సైరనయితే ఊరంతా వినేది.
ఇది ఎవరిది వాళ్లకే.

అన్సెల్ము ఇప్పుడు గిడ్డంగిలో పెట్టెలు లెక్కపెడతాడు.
ఆ రెండు తాళంచెవులు ఇంకా మొలతాడుకున్నట్టే నడుముకున్నాయి,
ఎవరూ అడగలేదు, అతనూ ఇవ్వలేదు.

నిన్న సాయంత్రం అలల కట్ట మీద
ఇనుప రంగు మబ్బు కమ్ముకుంది.
పడవలు కదలవని పిల్లలకి కూడా తెలుస్తోంది.
అప్పుడే టింగు: రేపు ఆరు గంటలు.
ఇదలీనా ఒకసారి పైకి చూసింది, ఒకసారి అరచేతిలోకి.
దండెం మీది బట్టలు లోపలికి తీసుకొచ్చింది.
అలారం మాత్రం ఐదింటికే పెట్టుకుంది.